ఎన్ని దిండ్లు?

 

2018లో సిద్దిపేటకు ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. అంతకుముందు, మీలాగే నేనూ కొత్త డాక్టర్ని అయిన రోజుల్లో ఇక్కడ గుండె జబ్బంటే హైదరాబాద్ బస్సెక్కడమే. అప్పట్లో ఓ రైతు వచ్చి, "కడుపుబ్బరం సారూ, రాత్రి నిద్ర పడ్తలేదు" అన్నాడు. గ్యాస్ గోలీలు రాసిచ్చాను. ఎనిమిది నెలలకు కాళ్ల వాపుతో మళ్లీ వచ్చాడు. ఎన్ని దిండ్లు పెట్టుకుంటావని అప్పుడడిగాను. "దిండ్లేడియి సారూ, వడ్ల బస్తాకు ఒరిగి కూసుంట" అన్నాడు. పడుకుంటే ఊపిరాడదన్నమాట. అప్పటికే మూత్రపిండాలూ చెడిపోయాయి.

ఆ రోజుల్లో అలా నీరసించిన గుండెకు ఆసరాగా మనకు పంపు లేదు. ఇప్పుడుంది. ఎడమ జఠరిక కొసన అమర్చితే రక్తాన్ని తోడి మహాధమనిలోకి పోస్తుంది. 2017లో అమెరికాలో అనుమతి పొందిన హార్ట్‌మేట్ 3 అనే పంపులో తిరిగే చక్రం దేన్నీ తాకకుండా అయస్కాంతాల మధ్య తేలుతుంది. పొట్ట చర్మంలోంచి ఒక వైరు, నడుముకు బ్యాటరీలు, రోజూ రక్తం పలచబడే మందు. ఖర్చు కోటి దాకా. గుండె మార్పిడికి దాత దొరికేదాకా కొందరికి, మార్పిడి కుదరనివాళ్లకు కడదాకా అదే ఆధారం. చాలామందికి నాడి అందదు. మీతో కబుర్లు చెబుతున్న మనిషి ఛాతీ నొక్కెయ్యకండి!

చంద్లాపూర్‌లో భూమి లోపలి మోటార్లు రంగనాయక సాగర్‌కు గోదావరి నీళ్లెత్తడం మీరు చూసినవాళ్లే. ఎగువ నుంచి నీళ్లు రాకపోతే ఎంత పెద్ద మోటారైనా ఏం తోడుతుంది? ఈ పంపుకు ఎగువ కుడి జఠరిక. అదీ చేతులెత్తేశాక, మూత్రపిండాలూ కాలేయమూ పాడయ్యాక రోగిని పంపిస్తే, కోటి పోసినా దక్కడం కష్టం.

నా బెంగ అదే. పంపు వేసేది హైదరాబాద్‌లోనే కావచ్చు, దాని గడువు మాత్రం మీ ఓపీ బల్ల దగ్గరే మొదలవుతుంది. ఎకో తీయమని రాయడానికి చెయ్యి లేస్తుంది, రోగిని నాలుగు మాటలు అడగడానికి నోరు లేవదేం బిడ్డా? 

రేపు ఆయాసమంటూ ఎవరైనా వస్తే ఎన్ని దిండ్లో అడగండి. దిండ్లు లేవంటే అక్కడితో ఆగకండి. దేనికి ఒరిగి నిద్రపోతున్నాడో అడగండి.