కుంటలలోని జలగలు
(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



మన వార్షికోత్సవములలో కవిత్వమును గూర్చియో సంగీతమును గూర్చియో ప్రసంగించుట ఆచారము. కార్యదర్శిగారు నన్ను నాకు తెలిసిన విషయమేదైనను చెప్పుమని కోరినప్పుడు, నేను జలగలను ఎన్నుకొందునని వారు తలచియుండరు. ఆహ్వానపత్రికలో ఆ మాట చూచి కొందరు మిత్రులు ఇది వడ్డీవ్యాపారులను గూర్చిన ఉపన్యాసమా యని అడిగినారు. కాదు. నిజమైన జలగలను గూర్చియే.

మన భాషలో ఈ ప్రాణికి మంచిపేరు లేదు. పట్టినపట్టు విడువక వేధించువానిని జలగవలె పట్టుకొన్నాడందుము. నాట్లు వేయుటకు మడిలో దిగిన ఆడువారి పిక్కలకు, చెరువులో మునిగి లేచిన గేదె పొదుగుకు అంటుకొను నల్లని తోలుముక్కగనే మనము దానిని ఎరుగుదుము. అట్ట యనియు దానికి తెలుగున పేరు కలదు. సంస్కృతమున జలౌక, నీరే ఇల్లుగా గలది యని అర్థము. ఈ మూడు పేర్లలో నాకు చివరిదే న్యాయముగా తోచును. మొదటి రెండింటితో మనము దానిని తిట్టుటకే అలవాటుపడితిమి.

మనము ఒక్క పేరుతో పిలుచునవి ఒక్క జాతి జీవులు కావు. ప్రపంచమున సుమారు 700 జాతుల జలగలు గుర్తింపబడినవి. అందు సుమారు 480 మంచినీటిలో నుండునవే. తక్కినవి సముద్రమునను, తడి అడవులలో నేలమీదను బ్రతుకును. చిన్నదైనను పెద్దదైనను ప్రతి జలగ దేహమునందును 33 ఖండములే యుండును. పైకి కనబడు ముడుతలు అంతకు ఎన్నో రెట్లు. మన సభలో జంతుశాస్త్రము చదివినవారు ఉన్నచో, మైనపు పళ్లెములో గుండుసూదులతో పరచి కోసిన పశువుల జలగ వారికి జ్ఞాపకముండును. హిరుడినేరియా గ్రాన్యులోసా యని దాని పేరు వల్లించియుందురు. ఎం. ఎల్. భాటియాగారు 1941లో దానినిగూర్చి వ్రాసిన గ్రంథము తరతరముల విద్యార్థులకు ఆధారమైనది. నేడు కొందరు శాస్త్రజ్ఞులు దానిని పీసిలోబ్డెల్లా అను ప్రజాతిలో చేర్చుచున్నారు. అయిదు జతల కన్నులు, మూడు దవడలు గల ఈ జలగ కరచినచోట మూడు గీతలు ఒకచోట కలిసినట్లు గాటు పడును.

అయితే అన్ని జలగలును రక్తము త్రాగునని అనుకొనుట పొరపాటు. మన కుంటలలో బల్లపరుపుగా, ఆకువలె, చిటికెనవ్రేలి గోరంత యుండు జలగలు కలవు. ఆల్బోగ్లాసిఫోనియా వెబెరి యనునది అట్టిది. దానికి మన రక్తముతో పనిలేదు. నత్తలే దాని ఆహారము. బార్బ్రోనియా వెబెరి యనునది సన్నగా ఎఱ్ఱగా నుండి, పురుగుల పిల్లలను, చిన్న ఎఱ్ఱలను తిని బ్రతుకును. ఆసియాఖండమునకు చెందిన ఈ చిన్న జీవి, గాజుతొట్లలో పెంచు నీటిమొక్కలతో కూడ ప్రయాణముచేసి, యూరపు, అమెరికా, ఆస్ట్రేలియాల వరకు వెళ్లినది. మనవంటి బదిలీ ఉద్యోగులకు దానిమీద కొంత సానుభూతి కలుగవలెను. ఇవిగాక తాబేళ్లను ఆశ్రయించునవి కలవు. చేపలను, కప్పలను పట్టునవి కలవు. పర్వతప్రాంతములలో పనిచేసివచ్చినవారు మరియొకదానిని విని యుందురు: డైనోబ్డెల్లా ఫెరోక్స్. సెలయేటిలో నీరు త్రాగు పశువు ముక్కులో ప్రవేశించి అచ్చటనే పెరుగును. అది మేలుచేయు ప్రాణియని నేను వాదింపను.

ఆకుజలగలలో ఒక విశేషము చెప్పక ముందునకు పోలేను. తల్లి తన గ్రుడ్లను పొట్టక్రింద పెట్టుకొని కాచును. నీటిలో ప్రాణవాయువు తగ్గినప్పుడు దేహమును అలలవలె కదలించి గ్రుడ్లకు నీరు విసరును. పిల్లలు పుట్టిన పిమ్మట అవి తల్లి పొట్టనే పట్టుకొని వ్రేలాడుచు, తల్లి ఎక్కడికి పోయిన అక్కడికి పోవుచుండును. కుంట ఒడ్డున నీటిలో నున్న రాయినో తామరాకునో తిరుగవేసిన, ఈ సంసారము కంటబడును. రక్తపిపాసకు పర్యాయపదముగా మనము వాడు పేరు ఈ తల్లికిని చెందినదే.

మన పూర్వులకు ఈ భేదములు తెలియును. సుశ్రుతసంహిత సూత్రస్థానమున పదుమూడవ అధ్యాయము కేవలము జలగల కొరకే కలదు. అందు పండ్రెండు విధముల జలగలు చెప్పబడినవి: ఆరు విషముగలవి, ఆరు నిర్విషములు. విషముగలవి క్రుళ్లిన నీటిలో పుట్టుననియు, నిర్విషములు కలువలు తామరలు పూచు తేటనీటిలో నుండుననియు ఆ గ్రంథము చెప్పుచున్నది. ఆ ఉత్పత్తి సిద్ధాంతము నేటి శాస్త్రమునకు ఒప్పదు. కాని ఏ నీటిలో ఏ జలగ యుండునో చూచి వేరుపరచవలెనను దృష్టి నేటికిని సరియైనదే. తడితోలుతో వానిని పట్టవలెను; క్రొత్తకుండలో చెరువునీరు, బురద వేసి పెంచవలెను; మూడు దినముల కొకసారి నీరు, ఏడు దినముల కొకసారి కుండ మార్చవలెను. ఇవన్నియు అందున్నవి. హైదరాబాదు యునానీ వైద్యులకును ఈ చికిత్స తెలిసినదే. వారు దీనిని ఇర్సాలె అలక్ అందురు.

పాశ్చాత్యవైద్యమున దీని చరిత్ర వేరు. 19వ శతాబ్ది ప్రథమార్ధమున యూరపులో ప్రతి జబ్బునకును జలగలు పట్టించుట వెఱ్ఱిగా ప్రబలినది. ఒక్క 1833వ సంవత్సరముననే ఫ్రాన్సు దేశము 4 కోట్లకు పైగా జలగలను దిగుమతి చేసికొన్నది. అక్కడి కుంటలు ఖాళీయైనవి; పొరుగుదేశముల కుంటలు ఖాళీయైనవి. 1848లో రష్యా ప్రభుత్వము మే, జూన్, జూలై మాసములలో జలగలు పట్టుటను నిషేధించినది. ఒక ప్రాణి పిల్లలుపెట్టు కాలమున దానిని ముట్టరాదను శాసనము ఏనుగునకో పులికో కాక, జలగకు వచ్చినది! పిమ్మట చికిత్స మూలబడినది గాని జలగలు మరల వెనుకటివలె పెరుగలేదు. ఏలయన అప్పటికి చిత్తడినేలలను ఎండగట్టి పొలములు చేయుచుండిరి. చెరువునకు వచ్చి నీరు త్రాగు పశువులును తగ్గుచువచ్చినవి. కప్పలు తగ్గుటయు మరియొక కారణము. పిల్లజలగ పలుచని చర్మముగల కప్పరక్తముతోనే పెరుగును. 1987 నుండి యూరపు వైద్యజలగ అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ జాబితాలో నున్నది.

ఈలోపుగా శాస్త్రము మరల జలగయొద్దకే వచ్చినది. 1884లో జాన్ బెర్రీ హేక్రాఫ్టు జలగ నోటిరసము రక్తమును గడ్డకట్టనీయదని కనుగొన్నాడు. 1950 దశాబ్దములో ఫ్రిట్జ్ మార్క్వర్ట్ ఆ పదార్థమును, అనగా హిరుడిన్‌ను, శుద్ధరూపమున వేరుచేసినాడు. దానిని నమూనాగా చేసికొని తయారైన బైవాలిరుడిన్ అను ఔషధమును నేడు గుండె రక్తనాళములను వెడల్పుచేయు చికిత్సలో వాడుదురు. 1985లో బోస్టన్ నగరమున కుక్క కొరికి తెగిన అయిదేండ్ల బాలుని చెవిని తిరిగి అతికినప్పుడు, సన్నని సిరలలో రక్తము నిలిచి చెవి నల్లబడసాగినది. ఆ రక్తమును తీయుటకు శస్త్రవైద్యులు జలగలనే వాడిరి. చెవి నిలిచినది.

ఇక నేను ముఖ్యముగా మనవి చేయదలచిన విషయమునకు వచ్చుచున్నాను. 2004లో అమెరికా ప్రభుత్వము హిరుడో మెడిసినాలిస్ అను జలగను వైద్యసాధనముగా అంగీకరించినది. 2007లో పరీక్షించి చూడగా, ఆ పేరుతో అంగడిలో అమ్ముడగుచున్నది హిరుడో వెర్బానా అను వేరొక జాతి యని తేలినది. శతాబ్దములు చేతిలో పట్టుకొని వాడిన జలగనే మనము సరిగా గుర్తింపలేదన్నమాట. 2019లో మరియొక ఆశ్చర్యము. వాషింగ్టన్ రాజధానిలోని జాతీయ ప్రకృతిశాస్త్ర ప్రదర్శనశాలకు 50 మైళ్లలోపున, మేరీలాండు చిత్తడినేలలలో, మాక్రోబ్డెల్లా మిమికస్ అను క్రొత్త వైద్యజలగను వర్ణించినారు. 1937 నుండియు దాని నమూనా యొకటి ఆ ప్రదర్శనశాల సీసాలోనే వేరుపేరుతో నుండినది.

అంత ధనము, అంత విద్య గల రాజధాని ముంగిటనే ఈ స్థితి యైన, మన కుంటలమాట యేమి? మనదేశ జలగలను గూర్చి హార్డింగు, మూరు అనువారు 1927లో గ్రంథము వ్రాసిరి. 1991లో మహేశ్ చంద్రగారు కరదీపిక వ్రాసిరి. చూడవలసిన నీళ్లో? 2023లో వెలువడిన మొట్టమొదటి జలవనరుల గణనలో దేశమంతట 24,24,540 లెక్కకు వచ్చినవి. అందు నూటికి అరువది వరకు కుంటలే. పశ్చిమవంగము, ఉత్తరప్రదేశ్‌ల తరువాత మూడవ స్థానము ఆంధ్రప్రదేశ్‌ది. మన కుంట, దొరువు, మడుగు, గుంట, కోనేరు, పంటబోదె వీటిలో ఒక్కొక్కదాని నీరు, నేల, ఎండు కాలము వేరు. ఒకదానిలో నున్న ప్రాణులు రెండవదానిలో నుండవు. పెద్ద సరస్సొకటి కాపాడితిమి కదా యని పది కుంటలు పూడ్చిన లెక్క సరిపోదు.

కాని మన కాగితములమీద చిన్ననీరు కనబడుట కష్టము. 2011 నాటి జాతీయ చిత్తడినేలల పటములో 2.25 హెక్టార్లకు, అనగా సుమారు అయిదున్నర ఎకరములకు తక్కువైన వానిని చుక్కలుగా మాత్రమే గుర్తించిరి. ఆ చుక్కలు 5,55,557. 2017 నాటి చిత్తడినేలల నియమములలో వరిమళ్లు, త్రాగునీటికొరకో నీటిపారుదలకొరకో ప్రత్యేకముగా నిర్మించిన చెరువులు నిర్వచనమునుండి తొలగింపబడినవి. రైతుకు ఇబ్బంది కలుగరాదనుట న్యాయమే. అయితే దక్షిణదేశమున మానవుడు త్రవ్వని చెరువేది? గ్రామలెక్కలలో కుంటలు పోరంబోకు. శిస్తు విధింపని ఉమ్మడినేల యని ఆ మాటకు అర్థము. వాడుకలో పనికిరానిదను అర్థము వచ్చినది. 2011 జనవరిలో సుప్రీంకోర్టు, పటియాలా జిల్లాలో గ్రామకుంటను పూడ్చి ఇండ్లు కట్టిన వ్యాజ్యమున, ఆక్రమణదారులను తొలగింపుమని ఆజ్ఞాపించి, ఇట్టి ఉమ్మడినేలలను విడిపించుటకు పథకములు వేయవలెనని అన్ని రాష్ట్రములను ఆదేశించినది. ఈ సభలో ఫైళ్లు చూచువారు పెక్కురున్నారు. ఆ తీర్పును ఒకసారి చదువుడని నా ప్రార్థన.

పూడ్చుట ఒక ప్రమాదము. బాగుచేయుట మరియొకటి! 2015లో తెలంగాణ ప్రభుత్వము 46 వేలకు పైగా చెరువుల పునరుద్ధరణకు పూనుకొన్నది. 2022లో కేంద్రప్రభుత్వము జిల్లాకు 75 చొప్పున, ఒక్కొక్కటి ఎకరమునకు తగ్గకుండ, అమృతసరోవరములను తలపెట్టినది. నీరు నిలుచుటకంటె మేలేమున్నది? నేను సంతోషించుచున్నాను. నా విన్నపమెల్ల ఒడ్డును గూర్చియే. పశువుల జలగ తన గ్రుడ్లను నీటిలో పెట్టదు. ఒడ్డున తడిమట్టిలోనికి దూరి, నురుగుతో గూడుకట్టి, అందులో పెట్టును. చుట్టును సిమెంటు పలకలు పరచి, మెట్లుకట్టి, దీపస్తంభములు నాటిన కుంటలో ఆ తడిమట్టి యుండదు. కప్పకును ఒడ్డు దొరకదు. నీరున్నది, అందమున్నది, ప్రాణి లేదు. వేసవిలో బురదలో దాగిన జలగలు పూడికతోకూడ బండ్ల కెక్కును. ఈ యేడు సగము, పైయేడు సగము పూడిక తీసి, ఒక ప్రక్కనైన గడ్డితో మట్టియొడ్డును విడిచినచో ఖర్చు పెరుగదు, తగ్గునేమో కూడ.

జలగలున్న నీరు శుభ్రమైనదా యని మిత్రులొకరు ముందుగనే అడిగినారు. అంత సులభముగా చెప్పలేము. కొన్ని జాతులు మురికినీటికి ఓర్చుకొనును. ఒక్క జాతియే వందలుగా పెరిగినచోట సందేహింపవలెను. నత్తలను తినునది, పురుగులను తినునది, కప్పను పట్టునది, పశువును పట్టునది కలసియున్నచోట ఆ నత్తయు, పురుగును, కప్పయు, పశువును కూడ ఉన్నవని నిశ్చయింపవచ్చును. ఇన్ని ప్రాణుల హాజరుపట్టీ ఒక్కచోట దొరకుట అరుదు.

సెలవులలో ఊరికి పోయినప్పుడు పిల్లలను కుంటయొద్దకు తీసికొనిపొండు. ఒక తెల్లని పళ్లెము చాలును. నీటియొడ్డున రాతిని మెల్లగా తిప్పి, దాని అడుగును చూపి, పళ్లెములో కొంచెము నీరుపోసి ఆకుజలగను అందులో వదలి, పొట్టక్రింద పిల్లలున్నవేమో చూడుడు. పిమ్మట దానిని అక్కడనే విడిచి, రాతిని ఉన్నట్లే బోర్లించవలెను. ఒకవేళ పశువుల జలగ కాలికి పట్టినచో ఉప్పు, సున్నము, నిప్పు వలదు. అవి తగిలిన అది కడుపులోనిది గాయములోనికే కక్కవచ్చును. గోటితో సన్నని కొననుండి ప్రక్కకు త్రోసిన విడుచును. సబ్బుతో కడిగి గుడ్డ కట్టుడు. కొన్ని గంటలు రక్తము ఊరుచునే యుండును. అది హేక్రాఫ్టు కనుగొన్న రసము చేయుపని.