ఇనుగుర్తి నుంచి మేడిగడ్డ దాకా



మాస్ కమ్యూనికేషన్ చదివితే హైదరాబాద్‌లో ఓ ఛానెల్, అందులో ఓ డెస్కు ఉద్యోగం అని చాలామంది లెక్క. ఆ లెక్కకు ఇనుగుర్తి ఒప్పుకోదు.

నేటి మహబూబాబాద్ జిల్లాలోని ఆ పల్లెలో 1922 ఆగస్టు 27న ఒద్దిరాజు సీతారామచంద్రరావు, రాఘవరంగారావు సోదరులు ‘తెనుగు’ వారపత్రిక మొదలుపెట్టారు. నిజాం రాజ్యంలో అధికార భాష ఉర్దూ. తెలుగు పత్రికల్ని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అలాంటి కాలంలో అచ్చుయంత్రాన్ని ఊళ్లోకే తెచ్చుకుని రాత, కూర్పు, అచ్చు, టపా అన్నీ ఆ అన్నదమ్ములే చూసుకున్నారు. వారికి పాఠం చెప్పిన జర్నలిజం శాఖ లేదు. ఉస్మానియాలో అది పుట్టింది 1954లో.

అదే ప్రాంతంలోని సుబ్రవేడులో 1920లో పుట్టిన షోయబుల్లాఖాన్ కథ గుండెను పిండేస్తుంది. పనిచేసిన ‘తేజ్’, ‘రయ్యత్’ పత్రికల మీద నిజాం సర్కారు వేటు వేసింది. అయినా ఆయన ‘ఇమ్రోజ్’ ఉర్దూ దినపత్రిక పెట్టి రజాకార్ల అరాచకాలను ఎండగట్టాడు, హైదరాబాద్ భారత్‌లో కలవాలని రాశాడు. 1948 ఆగస్టులో ఓ రాత్రి ఇంటికెళ్తుంటే రజాకార్లు కాల్చి, చెయ్యి నరికి చంపారు. అప్పటికి ఆయనకు 28 ఏళ్లు కూడా నిండలేదు.

జనగామ వైపు మాణిక్యపురం ఒగ్గుకథ కళాకారుడు చుక్క సత్తయ్యకు జనానికి మాట చేర్చడానికి పత్రికే అక్కర్లేకపోయింది. ఆయన ఒగ్గుకథ ఎత్తుకుంటే ఊరంతా వచ్చి కూర్చునేది.

ఇక భూపాలపల్లి. 2023 అక్టోబరు 21న అక్కడ గోదావరి మీది మేడిగడ్డ బ్యారేజీ పియర్లు కుంగిన దృశ్యాలు అందరి ఫోన్లలోనూ తిరిగాయి. ఎందుకు కుంగాయో చెప్పాలంటే మాత్రం ఏడో బ్లాకు ఏమిటో, పియరు కింద రాఫ్టు పనేమిటో తెలియాలి. జాతీయ డ్యామ్ సేఫ్టీ అథారిటీ నివేదికను ఓపిగ్గా చదివి, గోదావరి ఒడ్డున పొలమున్న రైతుకు అర్థమయ్యే తెలుగులో రాయగలగాలి. మాస్ కమ్యూనికేషన్ పట్టభద్రుల అవసరం అక్కడుంది.

2016 అక్టోబరు 11న మహబూబాబాద్, జనగామ, భూపాలపల్లి మూడూ జిల్లాలయ్యాయి, కలెక్టరేట్లు దగ్గరికొచ్చాయి. అక్కడి వార్త తెచ్చే మండల విలేకరికి మాత్రం చాలాచోట్ల నేటికీ నెల జీతం లేదు. పైగా ప్రకటనలు తెమ్మంటారు. ప్రకటన ఇచ్చినవాడి మీద వార్త రాయడం ఎంత కష్టమో అతనికే తెలుసు. రేపు సంపాదకుల కుర్చీల్లో కూర్చునే పట్టభద్రులు ఆ విలేకరికి జీతం ఇప్పించాలి, శిక్షణ ఇప్పించాలి, ప్రకటనల బరువు దించాలి.