ఆదిమానవుని చలిమంట

పుష్యమాసపు వేకువజామున జైపూరు ప్రాంతంలో గోదావరి మీదుగా వచ్చే గాలి ఎముకలను కొరుకుతుంది. గనులలో పనికి బయలుదేరినవారు దారిప్రక్క నెగడు వద్ద క్షణకాలం నిలిచి చేతులు కాచుకుంటారు. మనకు ఇల్లున్నది, కంబళి ఉన్నది, భూగర్భంలో బొగ్గున్నది. ఇవేవీ లేని ఆదిమానవుడు శీతకాలాన్ని ఎట్లు గడిపాడు?

ఈ ప్రశ్న వినగానే ఐరోపాలోని మంచుమైదానాలు మనస్సుకు తోస్తాయి. మన నేలను మంచు కప్పలేదు. కాని సుమారు 20,000 సంవత్సరాల క్రిందట, హిమయుగం తీవ్రంగా ఉన్న దశలో, దక్కనులో సైతం చలి నేటికంటె హెచ్చింది, వర్షాలు సన్నగిల్లాయి. చలికి కరవు తోడైనదన్నమాట.

ఆ యుగం ముగిసేనాటి మానవుల జాడలు నంద్యాల జిల్లా బేతంచెర్ల పరిసరాలలోని సున్నపురాతి గుహలలో ఉన్నాయి. 1970 దశకంలో ఎం. ఎల్. కె. మూర్తిగారు ముచ్చట్ల చింతమాను గవిలో త్రవ్వకాలు జరుపగా ఒక పొయ్యి బయల్పడింది. కాలిన మట్టిని పరీక్షించగా అది సుమారు 17,000 ఏండ్లనాటిదని తేలింది. గుహలోని రాయి బయటి గాలివలె త్వరగా చల్లబడదు. దానికి నిప్పు తోడైతే రాత్రి గడుస్తుంది. అక్కడ లభించిన పనిముట్లలో అధికభాగం ఎముకతో చేసినవి. వానిలో గీకేవి, రంధ్రాలు పొడిచేవి ఉన్నాయి. తోళ్ళు కాలగర్భంలో మట్టిలో కలిసిపోతాయి. కాని వానిని శుభ్రపరచి కుట్టుకొనేందుకు ఇట్టి సాధనాలే తగినవి.

ఇంతకంటె ప్రాచీనమైన పరీక్ష ఆ జిల్లాలోనే జ్వాలాపురం చూచింది. సుమారు 74,000 ఏండ్ల క్రిందట సుమత్రాలోని టోబా అగ్నిపర్వతం బ్రద్దలై, దాని బూడిద ఇక్కడివరకు వచ్చి రాలింది. ఆ ధూళి సూర్యకాంతిని అడ్డగించి కొన్నేండ్లపాటు చలిని తెచ్చినదని కొందరు శాస్త్రజ్ఞుల అభిప్రాయం. దాని తీవ్రతపై వాదాలున్నాయి. అయితే 2007లో వెలువడిన పరిశోధన ప్రకారం, బూడిద పొరకు క్రిందనూ పైననూ దొరికిన రాతి పనిముట్ల తీరు దాదాపు ఒక్కటే. అంతటి ఉత్పాతం తరువాత కూడా ఆ లోయలో మానవుని పని ఆగిపోలేదని పరిశోధకులు భావించారు.

మానవునికి పులికున్న బొచ్చు లేదు, ఎలుగుకున్న కొవ్వు లేదు. అతనికున్నది తోడు. రాత్రంతా నిప్పు ఆరకుండాలంటే ఒకరు పుల్లలు ఏరితేవాలి, ఒకరు మేలుకొని ఉండాలి. అప్పుడే పసివారు, వృద్ధులు వెచ్చగా నిద్రించగలరు. చింతమాను గవిలోని పొయ్యి చల్లారి ఎన్నో వేల ఏండ్లయినది. దానిచుట్టూ కూర్చున్నవారు నేర్చిన ఆ పద్ధతి మాత్రం మన నెగళ్ళవద్ద నేటికీ నిలిచే ఉన్నది.