జెనీవా ఒడంబడిక, ధర్మవరపు మగ్గము
(హిందూపురమున పఠనాలయ సభయందు మేము చేసిన ప్రసంగ పాఠము)



జెనీవాలో రాయబారులు కూడి రోగములనుగూర్చి చేయు సంప్రదింపులతో హిందూపురమునకేమి పనియని అడుగువారు కలరు. దీనికి మన ప్రాంతమే సమాధానము చెప్పుచున్నది. పెనుకొండ చెంత ఎఱ్ఱమంచియొద్ద కొరియా సంస్థ 2019 నుండి కార్లు తయారు చేయుచున్నది. హిందూపురము కర్ణాటక సరిహద్దును ఆనుకొనియున్నది. ధర్మవరపు పట్టుచీరలు దూరదేశములకు పోవుచున్నవి. సరకులును మనుష్యులును నడచు త్రోవనే వ్యాధియు నడచును.

పూర్వము 1896లో బొంబాయిలో ప్లేగు చెలరేగగా, మరుసటి సంవత్సరమే వెనిస్ నగరమున ఐరోపా ప్రభుత్వములు సభ తీర్చినవి. తమ రేవులను కాపాడుకొనుటయే వాని ముఖ్యోద్దేశము. రోగము మనది, సభ వారిది. స్వదేశీయుల వాణికి అచ్చట తావు లేకపోయెను.

తరువాత 1948 ఏప్రిల్ 7న ప్రపంచ ఆరోగ్య సంస్థ నిబంధనావళి అమలులోనికి వచ్చెను. సర్వజనుల ఆరోగ్యమే శాంతికిని భద్రతకును మూలమని అది చాటినది. జాతులు కలిసి పనిచేయగా 1980 నాటికి మశూచి భూతలమునుండి తొలగెను. సామరస్యమునకు ఇంతకంటె నిదర్శనమేమి కావలెను? 1994లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి నివేదిక, భద్రతయనగా సరిహద్దుల కాపుదల మాత్రమే కాదనియు, కూడు, జీవనోపాధి, ఆరోగ్యము మొదలగునవియు అందు చేరుననియు వివరించెను.

ఆ మాట సత్యము 2020లో మనకు తెలిసివచ్చెను. మార్చి 25న దేశమంతట రాకపోకలు నిలిచిపోవగా, వ్యాధి సోకని నేతగానికిని కూలి పోయెను. ఆ యేడు అక్టోబరు 2న టీకాల, మందుల పేటెంటు హక్కులను సడలింపుమని భారతదేశమును దక్షిణాఫ్రికాయు ప్రపంచ వాణిజ్య సంస్థను కోరినవి. 2022 జూన్ 17న గాని తీర్పు రాలేదు. అదియు టీకాలకే పరిమితము. ఈలోగా ఎన్ని చితులు మండెనో చెప్పనేల? మనమును 2021 జనవరి 20 నుండి పరదేశములకు టీకాలు పంపి, రెండవ వెల్లువలో నిలిపివేసితిమి. మనపై ఆధారపడిన బీదజాతులు ఎదురుచూడవలసివచ్చెను. తన యింట మంట చెలరేగినపుడు పొరుగువానిని తలచువారరుదు. కావుననే కట్టుబాటు ముందుగ వ్రాసికొనవలెను.

అట్టి కట్టుబాటునే 2025 మే 20న ప్రపంచ ఆరోగ్య సభ అంగీకరించినది. రోగక్రిముల నమూనాల నిచ్చిపుచ్చుకొనుచు, ఉపద్రవకాలమున వాని వలన లబ్ధి పొందిన ఉత్పత్తిదారులు తమ టీకాలలోను మందులలోను ఒక భాగమును ఆ సంస్థకు సమకూర్పవలెననునది అందలి కీలకము. ఆ పంపకపు వివరములను వేఱు అనుబంధమునకు విడిచిరి. మేము న్యాయవాద వృత్తిలోనివారము. వివరములు చెప్పక వ్రాసిన పత్రమునకు విలువ యెంతయో ఎఱుగుదుము. నమూనా నిచ్చిన జాతికి మందుపై హక్కుండవలెను, దయ కాదు.

అయినను జెనీవాను నిలదీయువారు తమ ఊరిని మఱువరాదు. ప్రజారోగ్యమును మెఱుగుపఱచుట ప్రభుత్వ ప్రథమ ధర్మములలో నొకటియని మన రాజ్యాంగము 47వ అధికరణమున చెప్పినది. అత్యవసర చికిత్స నిరాకరింపబడుట జీవించు హక్కునకు భంగమని 1996లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. కావున పురపాలక సభలయందును గ్రామసభలయందును మనము అడుగవలసినది రెండు: ఆసుపత్రిలో వైద్యుడును ప్రాణవాయువును సిద్ధముగ నుండవలెను, ప్రభుత్వాజ్ఞచే మగ్గమాగిన దినమున నేతగానికి భృతి అందవలెను. ఈ రెండును లేనిచో ఎంతటి ఒడంబడికయైనను మన గడపదాక రాదు. అడుగుట మన వంతు.