జూడో వీరుని మోకాలు

 

మల్లుని చూచువారు అతని భుజములను చూతురు, ఛాతిని చూతురు. మోకాళ్ళను చూచువారు అరుదు. కాని ఆ భుజబలమంతయు నిలుచునది మోకాళ్ళమీదనే. అవి చెడినచో మల్లుడు గోదాలో మాత్రమేగాక తన యింటి మెట్లమీదను ఓడిపోవును. జపాను దేశపు మల్లవిద్యయైన జూడోలో ఈ సత్యము స్పష్టముగా గోచరించును.

జూడోను స్థాపించిన మహనీయుడు జిగొరో కానో. 1882లో టోక్యో నగరమున ఒక బౌద్ధాలయమునందు, పండ్రెండు చాపలు పట్టు చిన్న గదిలో, ఆయన 'కోదోకన్' అను విద్యాలయమును ప్రారంభించెను. ఎదుటివాని బలమునకు బలముతో అడ్డు నిలువక, లొంగినట్లే లొంగి, వాని ఊపుతోనే వానిని పడవేయుట ఈ విద్యలోని కీలకము. 1964లో టోక్యోలో జరిగిన ఒలింపిక్ క్రీడలలో దీనికి తొలిసారి స్థానము లభించినది. 1992 నుండి స్త్రీలకును పతకముల పోటీలు జరుగుచున్నవి.

ఇట్టి విద్యలో మోకాలేల దెబ్బతినును? మోకాలు తలుపు బందువంటిది. ముందువెనుకలకు మడచుటకు అనువైనదే కాని, మెలిత్రిప్పుటకు అంతగా ఒప్పుకొనదు. జూడోలో ప్రత్యర్థిని పడవేయువాడు పలుమారు ఒంటికాలిమీద నిలిచి నడుమును గిర్రున త్రిప్పవలెను. శరీరము తిరిగి, పాదము చాపకు అంటుకొని నిలిచిపోయినచో, ఆ మెలి యంతయు మోకాలిమీద పడును. ఒక్కొక్కప్పుడు ప్రత్యర్థి బరువు ప్రక్కనుండి వచ్చి మోకాలిపై కూలును. మోకాటిలోపల రెండు బంధనములు కత్తెరవలె ఒకదాని నొకటి దాటుచుండును. వానిలో ముందరిది తెగినప్పుడు 'టప్పు'మను చప్పుడు వినబడుటయు, కొలది గంటలలోనే మోకాలు వాచుటయు కలదు. ఎముకల నడుమ మెత్తలవలె నుండు నెలవంక ఆకారపు మృదులాస్థులును చిరుగవచ్చును.

ఈ ప్రమాదమును జూడో పెద్దలు ఎరుగకపోలేదు. పోటీలలో కీలును విరిచిపట్టు పట్లు మోచేతికే పరిమితములు. మోకాలిని మెలిపెట్టు పట్లు నిషిద్ధములు. అయినను నియమము పట్టును ఆపగలదు గాని, పాటును ఆపజాలదు.

తొషిహికో కోగా అను వీరుని కథ జపానులో ప్రసిద్ధము. 1992లో బార్సెలోనా ఒలింపిక్ క్రీడలకు వెళ్ళిన కోగా, పోటీకి కొలదిదినముల ముందు సాధనలో ఎడమ మోకాలి బంధనమును గాయపరచుకొనెను. అప్పుడు ఆయనతో సాధన చేయుచున్నవాడు శత్రువు కాడు. ఒకే శిక్షణాలయమున పెరిగిన తమ్మునివంటి హిదెహికో యోషిదా. యోషిదా తన పోటీలో స్వర్ణపతకము గెలిచెను. మరునాడు కోగా, నొప్పి తెలియకుండుటకు సూదిమందు వేయించుకొని చాపమీదికి వచ్చి, తుదిపోటీలో హంగరీ వీరుడు హయితోష్‌ను న్యాయనిర్ణేతల తీర్పున ఓడించి, తానును స్వర్ణము గైకొనెను. 1996లో అట్లాంటాలో రజతమును పొందెను. తరువాత గురువై శిష్యులను తీర్చిదిద్దెను. 2021లో ఏబదిమూడవ యేట దివంగతుడాయెను.

ఈ కథ విని యువకులు ఉప్పొంగుట సహజము. కాని గాయమును లెక్కచేయకుండుటయే వీరత్వమని దీనినుండి గ్రహించినచో పొరపాటగును. పతకము ఒక్క దినమున వచ్చును. మోకాలు జీవితమంతయు కావలెను.

జూడోసాధన మోకాళ్ళూని చేయు నమస్కారముతో మొదలై, దానితోనే ముగియును. మోకాలు చెడినవానికి ఆ నమస్కారమే తొలి పరీక్ష. నేలపై మోకాళ్ళు మడచి కూర్చుండుట జపానువారి యింటి మర్యాద, అది తప్పును. మెట్లెక్కుటకంటె దిగుట కష్టమగును. గొంతుకూర్చుండుట, నేలనుండి లేచుట, రాత్రి ప్రక్కకు ఒత్తిగిలుట, బిడ్డను ఎత్తుకొని నడచుట, అన్నియు ఆలోచించి చేయవలసిన పనులగును. తెగిన బంధనము తనంత తాను సరిగా అతుకుట అరుదు. కొందరికి వ్యాయామముతోనే పని జరుగును; పలువురు క్రీడాకారులకు వారి శరీరమునుండియే ఒక స్నాయువును తీసి అమర్చు శస్త్రచికిత్స చేయుదురు. పిదప పోటీకి మరలుటకు సామాన్యముగా తొమ్మిది నెలలు మొదలు ఏడాది పట్టును. అయినను ఏండ్లు గడచినకొలది ఆ కీలు అరిగిపోవు అవకాశము, గాయపడని మోకాలికంటె హెచ్చుగనే యుండును.

దేహమునకు తగిలిన దెబ్బ మనస్సునకును తగులును. తోడివారు చాపమీద పెనగులాడుచుండగా గోడవార కూర్చుండి చూచుట ఆ యువకునికి వాపుకంటె బాధాకరము. 'జూడో చేయువాడు' అను పేరుతప్ప వేరు పేరు ఎరుగనివానికి, ఆ పేరు పోయిన దినములలో తానెవరో తనకే తెలియకుండును. కొందరు గురువునకు నొప్పి చెప్పక దాచుదురు. మరికొందరు కాలు మానినను మరల తెగునను భయముతో అడుగు వేయలేరు. అందుచేతనే చికిత్సలో కండబలముతోపాటు ధైర్యమును కూడగట్టవలెనని నేటి వైద్యులు చెప్పుచున్నారు.

గ్రామములలో చెడుగుడు ఆడు యువకుల మోకాళ్ళకును ఇదే తీరున దెబ్బలు తగులుచుండును. కట్టుకట్టి మరునాడే బరిలో దింపుట హితము కాదు. వాచిన మోకాలికి విశ్రాంతి, వైద్యుని పరీక్ష, తొడకండరములకు క్రమమైన వ్యాయామము అవసరములు.

కానో తన విద్యకు రెండు సూత్రములు చెప్పెను. శక్తిని సద్వినియోగము చేయుట మొదటిది. తానును ఇతరులును కలిసి క్షేమము పొందుట రెండవది. ఈ రెండవ సూత్రమును మోకాలికి అన్వయించినచో దాని యర్థము తేటపడును. ఎదుటివాడు ఉండబట్టియే సాధన సాగును. కావున అతని మోకాలిని కాచుట సాధకుని విద్యలోనిదే. పడవేయుట ఎంత విద్యయో, పడినవాడు నిండు కాళ్ళతో లేచి యింటికి నడచిపోవునట్లు పడవేయుట అంతకు మించిన విద్య.