వయసు మీఱిన హైబ్రిడ్ కారు – బ్యాటరీ మార్పు
(సభలో చదువుటకై వ్రాసిన ప్రసంగపాఠము)



ఫెరార్గంజ్‌లో నివసించు ఉద్యోగికి కారు కేవలము వేడుకవస్తువు కాదు. పెద్ద వైద్యమునకు పోవలసిన జి.బి. పంత్ ఆసుపత్రి శ్రీవిజయపురమున, అనగా 2024 సెప్టెంబరు వరకు పోర్ట్ బ్లెయిర్ అని పిలువబడిన నగరమున, ఉన్నది. అర్ధరాత్రివేళ ముసలితల్లికి ఊపిరి ఆడనప్పుడు అండమాన్ ట్రంకు రోడ్డుపై వర్షములో పోవలసినది ఆ కారుతోనే. కావున పదియేండ్లు దాటిన హైబ్రిడ్ కారు గల గృహస్థునకు ఒక ప్రశ్న తప్పక ఎదురగును: బ్యాటరీ మార్చవలెనా, అతుకువేసి నడుపవలెనా, కారునే వదలుకొనవలెనా?

హైబ్రిడ్ అనగా జోడెడ్ల బండి వంటిది. పెట్రోలు ఇంజను ఒక ఎద్దు, విద్యుత్తు మోటారు రెండవ ఎద్దు. బ్రేకు వేసినప్పుడు వ్యర్థమగు శక్తిలో కొంత విద్యుత్తుగా మారి బ్యాటరీలో చేరును. బండి కదలునప్పుడు అదే శక్తి తిరిగి ఉపయోగపడును. టయోటా వారి ప్రియస్ 1997లో జపానునందు అమ్మకమునకు వచ్చినది. 2010లో మన దేశమునకు వచ్చినది. 2013 నుండి కామ్రీ హైబ్రిడ్ కర్ణాటకలోని బిడదిలో తయారైనది. ఆనాటి బండ్లకు ఇప్పుడు వార్ధక్యము వచ్చినది.

ప్రియస్ బ్యాటరీ నికెల్ మెటల్ హైడ్రైడ్ జాతిది. 1.2 వోల్టుల ఘటములు ఆరు చేరి 7.2 వోల్టుల మాడ్యూలు. అట్టి మాడ్యూళ్లు 28 వరుసగా కలిసి 201.6 వోల్టులు. వరుసలో ఉన్నందున ఒక్కటి బలహీనమైనను మొత్తము వరుస దాని అదుపులోనికి వచ్చును. అంతకన్న ముఖ్యమైన విషయ మింకొకటి కలదు. ఈ బండ్లలో ఇంజనును త్రిప్పుటకు వేఱు స్టార్టరు లేదు. ఈ పెద్ద బ్యాటరీయే మోటారు ద్వారా ఇంజనును లేపవలెను. అది చచ్చినచో ట్యాంకు నిండ పెట్రోలున్నను బండి కదలదు.

ఈ ఆపద చాలసార్లు చెప్పియే వచ్చును. బ్యాటరీ కొలత గబగబ నిండి, గబగబ తఱుగుట; ఇంజను మాటిమాటికి లేచుట; మైలేజి పడిపోవుట; వెనుక సీటు ప్రక్కనున్న ఫ్యాను హోరుమని తిరుగుట; చివరకు హెచ్చరిక దీపము వెలుగుట – ఇవి లక్షణములు. అయినను దీపము వెలుగగానే బ్యాటరీ చచ్చినదని తీర్పు చెప్పరాదు. ఫ్యాను దారిలో దుమ్ము పేరుకొన్నను బ్యాటరీ వేడెక్కును. సముద్రపు ఉప్పుగాలి, ఎడతెగని తేమ గల ఈ దీవులలో మాడ్యూళ్లను కలుపు రాగి పట్టీలకు చిలుము పట్టుట సహజము; దానివలన కొలతలు తప్పుగా వచ్చును. కారులోని కంప్యూటరు ఆ 28 మాడ్యూళ్లను 14 జంటలుగా గమనించుచుండును. బండి భారము పడినప్పుడు ఏ జంట వోల్టేజి మిగిలినవానికన్న బాగుగా దిగిపోవుచున్నదో మెకానిక్కు చేత చూపించుకొని, ఆ లెక్క కాగితముపై వ్రాయించుకొనవలెను. లెక్క చూడక డబ్బు ఇచ్చుట వివేకము కాదు.

చెడిన మాడ్యూలు ఒక్కటి మార్చినచో చౌకగా తేలునని పలువురి ఊహ. ఇరువది యేడు ముసలివాని నడుమ ఒక పడుచువానిని నిలిపినట్లు, క్రొత్త మాడ్యూలు మిగిలినవానితో పొంతన కుదరక ఇబ్బందిపడును. ఒకే వయసు, ఒకే వేడి అనుభవించిన మిగిలిన మాడ్యూళ్లు కూడ ఒకదాని వెనుక ఒకటి మొరాయించుట కద్దు. నగరమున వర్క్‌షాపు ప్రక్కనే ఉన్నవాడు ఆ అవస్థ పడగలడు. ఫెరార్గంజ్ వాసికి అది ప్రతిసారియు ప్రయాణము, నిరీక్షణము. కారును మరి నాలుగైదు నెలలలో అమ్మదలచినవాడు అతుకు వేయించి, ఆ సంగతి కొనువానికి దాచక చెప్పవలెను. అయిదేండ్లు నడుపదలచినవాడు మొత్తము బ్యాటరీ మార్చుకొనుటయే మేలు. అంతకుముందు బండి అడుగుభాగము తుప్పుపట్టినదేమో చూడవలెను. కూలబోవు ఇంటికి క్రొత్త తలుపు లెందుకు?

కొనునప్పుడు మూడు సంగతులు అడుగవలెను: తయారైన తేదీ ఏది? ఇది సరిక్రొత్తదా, పాత మాడ్యూళ్లతో కూర్చినదా? చెడినచో గ్యారంటీ దీవులలోనే నెఱవేర్తురా, లేక చెన్నైకో విశాఖపట్టణమునకో పంపవలెనా? రవాణా సంగతి కూడ ముందే ఆలోచింపవలెను. క్రొత్తతరము హైబ్రిడ్లలోని లిథియం అయాన్ బ్యాటరీలను విడిగా సరుకువలె ప్రయాణికుల విమానములలో పంపుట 2016 నుండి అంతర్జాతీయ నియమముల ప్రకారము నిషిద్ధము. ఓడయే గతి. కావున బండి పూర్తిగా ఆగిన పిదప ఆర్డరు ఇచ్చుటకన్న, లక్షణములు కనబడినప్పుడే ఇచ్చుట ఉత్తమము.

ఇక ప్రాణభయము మాట. ఇన్వర్టరు మరమ్మతు తెలిసినవాడు దీనిని కూడ విప్పగలనని సాహసింపరాదు. చిన్న పామునైనను పెద్ద కఱ్ఱతో కొట్టవలెనందురు. ఇది చిన్న పాము కూడ కాదు. 200 వోల్టుల ఏకముఖ విద్యుత్తు ప్రాణము తీయగలదు. బండి ఆపి, తాళము దూరముగా నుంచి, 12 వోల్టుల బ్యాటరీ తీగ విప్పి, విద్యుత్తును నిరోధించు రబ్బరు చేతితొడుగులు ధరించి, నారింజరంగు సర్వీసు ప్లగ్గు లాగి, పది నిమిషములు ఆగి, మీటరుతో కొలిచిన పిమ్మటనే చేయి పెట్టవలెను. ప్లగ్గు లాగినను విడిపోయిన భాగములలో విద్యుత్తు నిలిచియే యుండును. ఈ క్రమము పాటించు శిక్షితుడైన మెకానిక్కునకే పని అప్పగింపవలెను.

తీసిన పాత బ్యాటరీని పెరటిలోనో కాలువలోనో పారవేయరాదు. 2022 నాటి బ్యాటరీ వ్యర్థముల నిర్వహణ నియమములు దానిని తిరిగి సేకరించు బాధ్యతను తయారీదారులపై నుంచినవి. అందలి నికెల్ తిరిగి లోహముగా పనికివచ్చును.

ఎల్.టి.సి. పై నెలల తరబడి స్వస్థలములకు పోవువారు ఒక మాట గుర్తుంచుకొందురుగాక: నిలిపియుంచిన బ్యాటరీ తనంతట తానే తఱిగిపోవును. రెండు వారముల కొకసారి అరగంటసేపు బండిని నడుపుమని నమ్మకమైన ఇరుగుపొరుగు వారికి చెప్పిపోవలెను. ఫ్యాను దారిని శుభ్రముగా నుంచవలెను. వెనుక సీటుపై సామానులతో దానిని మూయరాదు.

బ్యాటరీ ఖరీదు పెద్దదే. అయితే ఆ ఖరీదును కారు వెలతో మాత్రమే గాక, నడిరాత్రి ఆసుపత్రికి చేరవలసిన అవసరముతో కూడ తూచి చూచిననాడు నిర్ణయము సులభమగును. లక్షణములను ముందుగా గుర్తించి, లెక్క చూచి, సకాలమున మార్చుకొన్న కుటుంబము నిశ్చింతగా నిద్రించును. అట్టి నిశ్చింత సభ్యులందఱికి కలుగుగాక.