చేతికర్రకూ కొలత వుంది



అరక కట్టేముందు నాగలి మేడి చేతికి అందుతున్నదో లేదో చూసుకుంటాం. కొడవలి పిడి వదులైతే బిగించుకుంటాం. ఇంట్లో పెద్దాయన కాలు తడబడుతోందంటే మాత్రం, మూలనున్న కర్ర ఏదో ఒకటి చేతికిచ్చి వూరుకుంటాం. అది పొడవైతే భుజం నొప్పి పుడుతుంది, పొట్టిదైతే నడుం వంగుతుంది. నాలుగు రోజుల్లో కర్ర మూలకీ, పెద్దాయన మంచానికీ చేరతారు. మనం మాత్రం "వయసు మీదపడింది" అనేస్తాం. తప్పు వయసుది కాదండీ, కర్రది!

కొలత తీయడం కష్టమేమీ కాదు. రోజూ వేసుకునే చెప్పులతోనే మనిషిని నిటారుగా నిలబెట్టి, చేతులు కిందికి వదలమనండి. మణికట్టు మడత నేలకు ఎంత ఎత్తున వుందో, కర్ర పిడి అంత ఎత్తున వుండాలి. కుడి మోకాలు నొప్పిగా వుంటే కర్ర ఎడమ చేత పట్టాలి. అడుగున రబ్బరు తొడుగు అరిగితే వెంటనే మార్చాలి. తడి గచ్చుమీద కర్ర జారితే తుంటి విరగవచ్చు.

సాధనం మనిషికీ, ఆ మనిషి చేసే పనికీ కూడా కుదరాలి. జైపూరు కాలు సంగతే చూడండి. అంతకు ముందు దొరికే కృత్రిమ పాదానికి బూటు తొడగాలి. దానితో గొంతుక్కూర్చోవడం, బురదలో దిగడం కుదిరేవి కావు. 1960ల చివరలో జైపూరులో డాక్టర్ పి. కె. సేఠీ, శిల్పి రామచంద్ర శర్మ కలిసి రబ్బరు పాదం తయారుచేశారు. దానితో చెప్పు లేకుండానే పొలంలో నడవవచ్చు.

మరి యివి ఎక్కడ దొరుకుతాయంటారా? 60 ఏళ్లు దాటిన పేదలకు రాష్ట్రీయ వయోశ్రీ యోజన వుంది. 2017లో మన నెల్లూరులోనే ప్రారంభించారు. చేతికర్ర, వాకరు, వినికిడి యంత్రం, కళ్లజోడు, కట్టుడు పళ్లు, చక్రాల కుర్చీ దీని కింద యిస్తారు. దివ్యాంగులకు 1981 నుంచీ ఎడిప్ పథకం వుంది. దీనికి 40 శాతం వైకల్యం వున్నట్టు ధ్రువపత్రం కావాలి. వివరాలు మీ సచివాలయంలోగాని, విశాఖలోని విభిన్న ప్రతిభావంతుల, వయోవృద్ధుల సంక్షేమ శాఖ కార్యాలయంలోగాని అడగండి. ఆధారు, ఆదాయపత్రం, ఫోటోలు సిద్ధంగా వుంచుకోండి. శిబిరం పెట్టినప్పుడు ఆ మనిషినే తీసుకువెళ్లండి. మామ్మ బదులు మనవడు వెళితే కొలత ఎవరిది తీస్తారు?

ఉక్కు కర్మాగారానికి దాపున, పెదగంట్యాడలో వైద్య పరికరాల తయారీకి 2018లో మెడ్‌టెక్ జోన్ ప్రారంభమైంది. పరికరాలు మన జిల్లాలోనే తయారవుతున్నా, పద్మనాభం, ఆనందపురం పల్లెల్లో మంచం పట్టినవారి దగ్గరకు అవి వాటంతట అవి నడిచి రావుగదా! ఎవరో ఒకరు పూనుకోవాలి. సాయపడే సాధనాలు కావలసినవారు ప్రపంచంలో 250 కోట్లమందికి పైగా వున్నారని 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ చెప్పాయి. పేద దేశాలు కొన్నింటిలో నూటికి ముగ్గురికే అవి అందుతున్నాయట.

చేతికి వచ్చాక వాటిని కాపాడుకోవాలి. మనది సముద్రపు గాలి, ఉప్పు గాలి. చక్రాల కుర్చీని పొడిగుడ్డతో తుడిచి, చక్రాల ఇరుసులకు నూనె వేస్తూ వుండండి. వినికిడి యంత్రాన్ని స్నానానికి ముందు తీసేసి, రాత్రిళ్లు తడి తగలని డబ్బాలో వుంచండి. మొదట్లో గిన్నెల చప్పుడు కూడా పెద్దగా వినబడి విసుగు పుడుతుంది. రోజుకు గంటా రెండు గంటలతో మొదలుపెట్టి అలవాటు చేయండి. కుర్చీ వాకిలి దాటాలంటే వాలుదారి కావాలి. మెట్టు ఎత్తు ఆరంగుళాలైతే వాలు ఆరడుగుల పొడవుండాలి. అంతకన్న తక్కువైతే కుర్చీ వెనక్కు తిరగబడవచ్చు.

ఇంట్లో మూలపడిన కర్రా, పెట్టెలో పెట్టిన వినికిడి యంత్రం వుంటే ఈవేళే బయటికి తీయండి. కొలత చూడండి, బాగుచేయించండి. మన పెద్దలు ఎవరి చెయ్యీ పట్టుకోకుండా కల్లందాకా నడిచి వెళ్లి, కుప్ప ఎంత అయిందో తమ కళ్లతో తాము చూసుకోవాలి. మంచంలో పడుకుని మనం చెబితే వినడం వేరు, వెళ్లి చూడడం వేరు.